బ్లీచింగ్ నీళ్లలో కలిపిన పొడి

తంగళ్ళపల్లి దగ్గర కిరాయికి తీసుకున్న షెడ్డులో మేం కంపెనీ కోళ్లు పెంచుతాం. కోడిపిల్లలూ దాణా కంపెనీవి, చాకిరీ నాదీ మా ఆయనదీ. మొన్న ఎండాకాలం కంపెనీ సూపర్‌వైజర్ ఒక కొత్త పొడి ప్యాకెట్లు తెచ్చాడు. పేగులకు మేలు చేసే సూక్ష్మజీవులు అందులో బతికే ఉంటాయట. తిన్న దాణా ఒంటబట్టి కోడి తొందరగా బరువెక్కుతుందట.

"పొద్దుగాల ట్యాంకుల బ్లీచింగ్ కలుపుతరు గదా, అండ్లనే గిది గూడ ఏసుండ్రి" అన్నాడు.

నేను పదో తరగతి దాకా చదివాను. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంది, క్లోరిన్ నీళ్లలో కలపరాదని.

"సారూ, బ్లీచింగ్ ఏస్తె నీళ్లల్ల పురుగులు సస్తయని మీరే చెప్తిరి. మరి గీ మంచియి ఎట్ల బతుకుతయి?"

అతను నావైపు చూడనైనా లేదు. మా ఆయనతో, "మీ ఇంటామెకు డాక్టర్ సదువు సదివిపిచ్చినవా ఏందే?" అని నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. నాకు ఆ రెండో నవ్వుకే ఎక్కువ మండింది.

చెప్పినట్టే కలిపాం. మూడు వారాలకు కోళ్లు పల్చగా రెట్టలు వేసి కింద పరిచిన ఊక ముద్దయింది. బరువు రాలేదు.

"మీరే సక్కగ కలపలే" అనేసి సూపర్‌వైజర్ బండెక్కి పోయాడు.

తర్వాతి బ్యాచ్‌కి నేనెవర్నీ అడగలేదు. పొద్దున్నే బోరు నీళ్లు బిందెలతో పట్టి, పొడి కలిపి పోశాను. కోళ్లు అవి తాగాకే బ్లీచింగ్ కలిపిన ట్యాంకు నీళ్లు వదిలాను. ఈసారి ఊక పొడిగా ఉంది. ఎత్తి చూస్తే కోడి చేతికి బరువుగా తగిలింది.

ఆ బ్యాచ్ బాగా బరువొచ్చిందని కంపెనీవాళ్లు జగిత్యాలలో రైతుల మీటింగ్ పెట్టి మా ఆయనను స్టేజీ మీదికి పిలిచారు. "నేను చెప్పినట్టు ఇన్నడు, ఫలితం సూడుండ్రి" అంటూ సూపర్‌వైజర్ శాలువా కప్పాడు.

నా ఒళ్లు భగ్గుమంది. వెనక కుర్చీలోంచి లేచాను.

"సారూ, నువ్వు చెప్పినట్టు ఇంటెనే పోయినసారి కోళ్లు ఎదగలే. బ్లీచింగ్‌ల కలుపుమన్నది నువ్వు గాదా?"

"కూసోమ్మా, తర్వాత మాట్లాడుదం."

నేను కూర్చోలేదు. కోరుట్ల నుంచి వచ్చిన ఒకామె కూడా లేచి, "మాకు గూడ గట్లనే చెప్పిండు" అంది. అతను మైకు పక్కవాళ్లకిచ్చి దిగిపోయాడు.

ఇప్పుడు బ్లీచింగ్ వేరు, పొడి వేరు అని తనే కనిపెట్టినట్టు సిరిసిల్ల చుట్టూ చెప్పుకు తిరుగుతున్నాడట. మా షెడ్డుకొచ్చినా మా ఆయన మొహం చూసే అడుగుతాడు. జవాబు మాత్రం నేనే చెబుతాను, ఎదురుగా నిలబడి.