ఎల్లప్ప వీపు కొలతకు మెట్టు

నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్ద పోయే తోవలో ఒక ఊరుండేది. ఆ ఊరి దొరకు మనుషుల లోటు ఎన్నడూ లేదు. హుక్కా అందించడానికి ఒకడు, గొడుగు పట్టడానికి ఒకడు, ఆయన తుమ్మితే "నూరేళ్లు దొరా" అనడానికి ఇంకొకడు. ఈ వరసలో ఎల్లప్ప పని వంగడం. దొర గుర్రం ఎక్కబోయేటప్పుడు ఎల్లప్ప పక్కన మోకాళ్ల మీద, అరచేతుల మీద వంగేవాడు. దొర చెప్పులతోనే ఆ వీపెక్కి గుర్రం మీదికి పోయేవాడు. ఎల్లప్ప తండ్రీ ఇదే పని చేశాడు, తాతా చేశాడు. తాత కాలంలో దొరలు సన్నగా ఉండేవారని ఎల్లప్ప ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు.

దొరసాని విజయమ్మ తెర కట్టిన కచ్చడం బండి ఎక్కాలంటే మాత్రం పీట వేసేవారు. పరాయి మగవాడి వీపు మీద ఆడమనిషి కాలు పెడితే ఏం బాగుంటుంది! అంటే ఎల్లప్ప నడుము నొప్పికి మందు దొర ఉండే గడిలోనే, వంటింటి గోడ పక్కనే, ముప్పై ఏళ్లుగా నాలుగు కాళ్ల మీద నిలబడి ఉందన్నమాట. కాని పీట ఆడవాళ్ల సామాను. దొర మగవాడు గదా, ఆయనకు ప్రాణమున్న పీటే కావాలి.

నలభై అయిదేళ్లు నిండేసరికి ఎల్లప్ప నడుము పట్టేసింది. పొద్దున లేచి నిలబడాలంటే భార్య భీమమ్మ రెండు చేతులూ పట్టి లేపాలి. మిషన్ దవాఖానకు పోతే డాక్టరమ్మ వెన్నెముక పొడుగునా తడిమి చూసి, ఇంకో ఏడాది ఇట్లాగే వంగితే ఇక మంచంలోంచి లేవవని, కాబట్టి వంగడం మానేయమని చెప్పింది. ఆమెకేం, దొరకు ఆ మాట చెప్పవలసినది ఆమె కాదు. ఎల్లప్పకు రెండెకరాల చెలక ఉంది, కందీ జొన్నా వేస్తాడు. నాగలి మేడి పట్టి నిలబడలేనివాడికి చెలక ఉండీ లేనట్టే. పంట లేకపోతే భార్యాభర్తలిద్దరూ గింజల కోసం గడి ముందర చేయి చాచాలి.

సరిగ్గా అప్పుడే దొరకు మోటారు మీద మోజు పుట్టింది. పెద్ద లడాయి అయిపోయి పటాలం వాళ్లు పాత బండ్లు అమ్ముతుంటే, సికింద్రాబాద్ పోయి ఒక పెద్ద వ్యాను కొనుక్కొచ్చాడు. లడాయిలో దెబ్బలు తిన్నవాళ్లను మోసిన బండి అది. పక్క తలుపు తీస్తే లోపలి నేల మనిషి నడుము ఎత్తున ఉంటుంది. సిపాయిలు ఎగిరి ఎక్కేవారు. దొర ఎగరడం ఊళ్లో ఎవరూ చూడలేదు.

మొదటి రోజు ఎల్లప్ప వంగాడు. దొర ఒక కాలు పెట్టగానే అతని వీపు కుంగింది, రెండో కాలు వ్యానుకు అందలేదు. ఇద్దరు జీతగాళ్లు వెనక నుంచి దొరను పైకి తోశారు. ఆ తోపులో దొర మూడు బస్తాల బరువూ ఎల్లప్ప నడుము మీదే పడింది. లోపల ఏదో కలుక్కుమన్నది. దొర సీటులో సర్దుకుని, "వీడు పొట్టిగైండు" అన్నాడు.

దొర లెక్కలు రాసే మునిషి జగన్నాథ్ దీని మీద మూడు రోజులు ఆలోచించాడు. ఎల్లప్ప కింద బండరాయి పెడదామన్నాడు. అప్పుడు ఎల్లప్ప మీదికి ఎక్కడానికి ఇంకో మనిషి కావాలని తేలింది. సరే, ఇద్దరిని వంచుదాం, ఒకడు కిందికి, ఒకడు మీదికి అన్నాడు. అంత చదువుకున్న తలకాయకు కూడా ఒక చెక్కముక్క తట్టలేదు.

తట్టింది డ్రైవరు గిద్యోనుకు. అతడు మిషన్ డాక్టరు దగ్గర బండి నేర్చుకున్నవాడు.

"పట్నంల మోటార్లన్నిటికి పక్కపొంటి మెట్టుంటది. దీనికి ఊడగొట్టిండ్రు. కొనబోతే దొర్కది, చేయించుకోవాలె," అన్నాడు ఎల్లప్పతో.

"మరి దొరకు చెప్పరాదు?"

"నేను చెప్తే ఇంటడా? చేసినంక సూపెడదాం."

అంగడి రోజు బండికి కొంచెం పనుందని మునిషికి చెప్పి గిద్యోను వ్యానును ఖేడ్ తోలాడు. లోపల ఎల్లప్ప, అతని కాళ్ల దగ్గర రెండు ఇనుప పట్టాలు. లడాయి పుణ్యమా అని ఇనుము ఎక్కడా పుట్టడం లేదు. ఆ పట్టాలు ఎల్లప్ప ఎడ్లబండి చక్రాలవి. బండి విరిగి నాలుగేళ్లయింది. ఎప్పటికైనా కొత్త చక్రాలు చేయించుకుని వాటికి ఎక్కించుకుందామని ఇంటి చూరుకింద దాచుకున్నాడు. వాటినే తెచ్చి కమ్మరి సంగయ్య కొలిమి ముందర పడేశాడు.

సంగయ్య ఖేడ్‌లో పేరున్న కమ్మరి. గొడ్డలి చేసినా, కొడవలి చేసినా పట్టుకునే మనిషిని చూసి చేసేవాడు.

"ఎవల కాలుకురా ఈ మెట్టు?"

"దొర కాలుకు."

"అయితే మోకాలు కొలత తే."

దొర మోకాలికి జొన్నదంటు ఆనించి కొలత తెచ్చేవాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. ఎల్లప్ప వ్యాను పక్కన మెల్లగా వంగాడు. మోకాళ్లూ చేతులూ కొలిమి బూడిదలో ఆనించాడు.

"గీ ఎత్తు తీస్కో. గాయన కాలుకు ముప్పై ఏండ్ల సంది గిదే ఎరుక."

సంగయ్య జొన్నదంటు తెచ్చి వీపు పక్కన నిలబెట్టి, ఆ ఎత్తుకు విరిచాడు. పొడుగు కూడా కొలిచాడు, మెడ దగ్గర నుంచి నడుము దాకా.

పట్టాలు కాల్చి, వంపు తీసి, నరికి, మోచేతుల్లా వంచాడు. ఎర్రగా ఉన్నప్పుడే బెజ్జాలు కొట్టాడు. మీదికి నల్లతుమ్మ చెక్క. మొదటిసారి బండి రేకుకే బిగించి, దొర బదులు మూడు కందుల బస్తాలు ఎక్కించి చూశారు. రేకు చీరుకుని బస్తాలు కిందపడ్డాయి. గిద్యోను బండి కిందికి దూరి, రేకుకు కాదు, కింది చట్రానికే కొట్టాలన్నాడు. మళ్లీ కాల్చి, చట్రానికి మేకులు ఎర్రగా దిగగొట్టి, తలలు చితక్కొట్టారు. ఈసారి మూడు బస్తాలూ నిలిచాయి. వాటి మీద సంగయ్య కూడా ఎక్కి గంతేశాడు. కిర్రుమనలేదు. రెండో పక్కకూ అట్లాగే కొట్టారు.

మర్నాడు దొర బీదర్ పోవాలి. అక్కడికి పెద్ద అధికారి వస్తున్నాడు, పొద్దెక్కకముందే పోయి సలాము చెయ్యాలి. దొర వచ్చాడు, అలవాటు కొద్దీ కాలెత్తాడు, ఎత్తిన కాలు అట్లాగే ఆపాడు.

"ఏందిది?"

"మెట్టు దొరా," అన్నాడు గిద్యోను.

"పీటనా? నేను ఆడోన్నారా? పీకుండ్రి! ఎల్లప్ప ఏడి?"

ఎల్లప్ప వచ్చి వంగబోయాడు. వంగడానికి చోటు లేదు. అతని చోట మెట్టుంది. దాని ముందర వంగితే దొర మెట్టు దాటి దూకాలి. దాని మీద వంగితే దొర కాలు అంత ఎత్తు లేవదు. మునిషి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి గడ్డం గోక్కున్నాడు. పీకడానికి ఎంతసేపని దొర అడిగితే, చట్రం కోయాలి, రెండు రోజులన్నాడు గిద్యోను. పొద్దు గడి బురుజు మీదికి వచ్చేసింది. దొర ముఖానికి చెమటలు పట్టాయి. అధికారికి సలాము చెయ్యనివాడు తన ఊళ్లో సలాములు ఎట్లా తీసుకుంటాడు!

చోటు లేకపోయినా ఎల్లప్ప మెట్టు పక్కన మట్టిలో వంగే ఉన్నాడు. నడుము సూదులు పెట్టి గుచ్చినట్టుంది. అట్లాగే తలెత్తి అన్నాడు.

"నీ బాంచెను దొరా, గది పీట కాదు. నా వీపే."

"ఏమంటున్నవ్?"

"నన్ను వంగవెట్టి కొలిచిండ్రు. ఎత్తు నాదే, పొడుగు నాదే. ఇనుము గూడ నా బండిదే."

దొర మెట్టు వైపు చూశాడు, ఎల్లప్ప వైపు చూశాడు. ఈ తూకంలో ఎక్కడా తన పరువు తగ్గడం లేదని ఆయనకు మెల్లగా తెలిసివచ్చింది. మునిషికి కూడా బుర్ర పనిచేసింది.

"అంటే గిది ఎల్లప్పనే దొరా! ఇనుప ఎల్లప్ప!"

దొర కాలు పెట్టాడు. ఇనుము కుంగలేదు, రెండో కాలు లోపలికి అందింది. సీటులో కూర్చుని చాలా తృప్తిగా, "గీడు మంచిగున్నడు. వాని తీర్గ ముల్గుతలేడు," అన్నాడు. మట్టిలో ఉన్న ఎల్లప్పను ఏం చెయ్యమంటారని మునిషి అడిగితే, "ఇద్దరెందుకు? పొమ్మను," అన్నాడు.

ఆ ఏడు మృగశిర కార్తెలో ఎల్లప్ప తన చెలకలో మేడి పట్టి నిలబడ్డాడు. సాళ్లు వంకరగా వచ్చినా దున్నింది అతడే. భీమమ్మ గట్టు మీద నిలబడి చూసి, సంతోషం పట్టలేక ఎడ్లను తిట్టింది. గడిలో మాత్రం ఎల్లప్ప పేరు రోజూ వినిపిస్తూనే ఉండేది. "ఎల్లప్ప మీద బురదున్నది, కడుగుండ్రి." "ఎల్లప్ప మీద కోడి ఎక్కింది, కొట్టుండ్రి." మునిషి ఎక్కాడు, పట్వారీ ఎక్కాడు, చివరికి దొరసాని విజయమ్మ కూడా ఎక్కింది. ఇనుప ఎల్లప్ప పరాయి మగవాడు కాదు గదా!

కందులు కోసిన తర్వాత ఎల్లప్ప, భీమమ్మ మూటలు నెత్తిన పెట్టుకుని ఖేడ్ అంగడికి నడిచిపోతున్నారు. ఖాళీ వ్యానుతో వస్తున్న గిద్యోను పక్కకు ఆపాడు.

"దొర బీదర్‌ల ఉన్నడు. ఎక్కుండ్రి జల్దీ."

భీమమ్మ మూట లోపల పడేసి, మెట్టు మీద కాలు పెట్టి చక్కగా ఎక్కి కూర్చుంది. ఎల్లప్ప కాలెత్తాడు, దించాడు. తుమ్మచెక్క నడిమిట్లో చెప్పుల రాపిడికి అప్పుడే పల్లం పడింది. దాని మీద చేత్తో రాశాడు. రుమాలు తీసి దుమ్ము తుడిచాడు. తర్వాత తలుపు కమ్మి పట్టుకుని, మెట్టు తాకకుండా, మోకాలు నేరుగా బండి నేల మీద ఆనించి పాకుతూ ఎక్కాడు. నడుము మళ్లీ పట్టేసింది.

"గంత మంచి మెట్టుండంగ గట్లెందుకు ఎక్కినవయ్యా?" అన్నది భీమమ్మ.

"కాలు రాలేదే," అన్నాడు. ఆ తర్వాత ఖేడ్ వచ్చేదాకా ముఖం పక్కకు తిప్పుకుని ఏడుస్తూనే ఉన్నాడు.

అంగట్లో దిగేటప్పుడు కూడా అతడు నడుము పట్టుకుని కిందికి దూకాడు.