తాతయ్య పోలికలు కట్టిన వెయ్యి ముఖాలు

మా తాతయ్యకు ఒకటే జబ్బు. ఎవరి ముఖం చూసినా పోలిక చెప్పకుండా వదలడు. నలభై ఏళ్లు సెలూన్ నడిపాడు. గొంతు మీద కత్తి పెట్టి, "ఈ చెవులు మీ మేనమామవే కదూ?" అంటే కాదనే మొనగాడెవడు?

నాకైతే రోజూ ఉండేదే. "దీని గడ్డం అచ్చం వాళ్ల అమ్మమ్మదే!" ఫొటోలో అమ్మమ్మ గడ్డం గుండ్రం. నాదేమో కోసుగా, మధ్యలో సొట్ట. "కళ్లద్దాలు మార్చు తాతయ్యా" అంటే, "ముందు నువ్వు అద్దం మార్చు" అనేవాడు.

పిన్ని ఆఫీసులో కంప్యూటర్ చేత వెయ్యి ముఖాలు పుట్టించారు. ఒక్కటీ నిజం మనిషిది కాదు. ముఖాలు గుర్తుపట్టడం కంప్యూటర్‌కు నేర్పేవాళ్లు ఎవరి ఫొటోలూ అడక్కుండా వాడుకోకూడదని, వీటిని అందరికీ ఉచితంగా పంచాలని పిన్ని పట్టుదల. తప్పులు పట్టడానికి తాతయ్యను కూర్చోబెట్టింది.

"ఈయనకు రెండూ ఎడమ చెవులేనే!" అని మొదటిరోజే పట్టేశాడు. పిన్ని మురిసిపోయింది. రెండోరోజు నుంచి తప్పులు రాయాల్సిన గడిలో "ముక్కు: మా టైలరుది", "నవ్వు: పోస్టుమాన్ చెల్లెలిది" అని మొదలుపెట్టాడు.

"నాన్నా, వీళ్లు ఎవరికీ ఏమీ కారు! పోలికలు రాస్తే నిజం మనుషులనుకుంటారు. రెండేళ్ల పని మట్టిలో కలుస్తుంది!"

"ఎవరికీ ఏమీ కానివాళ్లను నలుగురిలోకి ఎలా పంపుతావే? ముక్కు చుట్టరికమైనా ఉండొద్దూ?"

తొమ్మిది వందల పన్నెండో ముఖం చూసిన మర్నాడు తాతయ్య పోయాడు. మిగతావి పిన్నే చూసింది. కుర్చీలో ఆయన దిండు మాత్రం ఎవరమూ తీయలేదు.

పంచే ముందు ఆ పోలికలన్నీ చెరిపేయాలి. తనొక్కదానికి చేతులు రావట్లేదని పిన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక్కోటీ పైకి చదివి, నవ్వి, ముక్కు చీదుకుని చెరిపాం.

ఆయన చూసిన ఆఖరి ముఖం ఓ నడివయసు ఆవిడది. కోసు గడ్డం, మధ్యలో సొట్ట. పక్కన రాసి ఉంది: "గడ్డం: మా మనవరాలిది. ఇన్నాళ్లకు ఒక్కరు దొరికారు."

నన్ను మూడేళ్లప్పుడు ఈ ఇంటికి తెచ్చి పెంచుకున్నారు. ఆ సంగతి నాకూ తెలుసు. నా గడ్డం అమ్మమ్మది కాదని తాతయ్యకూ తెలుసన్నమాట.

"చెరిపేయనా పిన్నీ?" అన్నాను.

పిన్ని నా చేయి పట్టుకుని ఆపింది. "ఇది మనింటి మనిషిలా ఉందే. ఎలా పంచుతాం?"

తొమ్మిది వందల తొంభై తొమ్మిది ముఖాలే వెళ్లాయి. ఇంకొకటేదని ఉత్తరాలు వస్తున్నాయట. ఇంట్లో ఉందని రాయమన్నాను.