సత్తు బకెట్టు

పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబు చూసే మునికుమార్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ఏ మందుకు ఏది పడదో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి. ట్యాంకులు కడిగే కాస్టిక్ సోడాకు జాగ్రత్తల కాగితం రాయడమంటే ఆయనకు పూట పని. కానీ అప్పుడు మామిడి సీజను, ఊపిరాడని పని. అందుకని ఆఫీసులో హరినాథ్ నెట్‌లో దొరికిన కాగితాన్నే తెలుగు చేసి, పైన కంపెనీ పేరు వేసి తెచ్చాడు.

"సంతకం గీకప్పా, ఆడిటోళ్లు వచ్చేస్తా ఉండారు!"

మునికుమార్ చదవకుండానే గీకేశాడు. కాగితం గోడకెక్కింది.

వారం తిరక్కముందే, ట్యాంకులు కడిగే తాయమ్మ ప్లాస్టిక్ బకెట్టు పగిలిందని సత్తు బకెట్టులో సోడా కలిపింది. కాస్టిక్‌కూ సత్తుకూ, అంటే అల్యూమినియానికీ, అస్సలు పడదు. అది కుతకుతా ఉడికి, పొంగి, ఆమె కుడి చేతిని మోచేతిదాకా కాల్చేసింది.

రెండు నెలలకు ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది.

"గోడమీది కాగితం సూడలేదా తాయమ్మా?" అన్నాడు మునికుమార్.

"సూసినా సార్. తగిన పాత్రలో కలపమని ఉండాది. సత్తుది తగదని నాకెట్ల తెలుస్తుంది? సదువుకున్నోళ్లు, మీకు తెలుసు గదా!"

మునికుమార్ గోడ దగ్గరికి నడిచాడు. పాత కాగితం చించేసి, 'సత్తు పాత్రలో కలపొద్దు, ప్లాస్టిక్ బకెట్టే వాడాలి' అని తన చేత్తో పెద్దక్షరాలతో రాసి అంటించాడు. తాయమ్మ కూడబలుక్కుని చదివింది.

"ఈ ఒక్క ముక్క రాసేదానికి ఎంతసేపు పట్టింది సార్?"

నిమిషం కూడా పట్టలేదు.