గోడ అవతలి పిక్చర్లు

రివ్యూ బాబాయికి సినిమా అంటే చెవి కోసుకునేంత ఇష్టం. ఆ మాట పెద్దలు ఎవరి కోసం పుట్టించారో కానీ, ఆయనకు అతికినట్టు సరిపోతుంది. ఆయన సినిమా చూసేది చెవులతోనే మరి.

వృత్తి మాంసం కొట్టడం. పొద్దున్నే పొట్టేలును కొక్కేనికి వేలాడదీసి, మెడ నుంచి తోక దాకా విడగొట్టి, తొడ ఎముకను ఒక్క దెబ్బకు రెండు చేస్తాడు. మోచేతుల దాకా నెత్తురున్నా అదే చేత్తో టీ గ్లాసు అందుకుంటాడు. అలాంటి మనిషి, తెర మీద హీరో చేతికి చిన్న గాటు పడితే చాలు, కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. "మేక నెత్తురు వేరు, మనిషి నెత్తురు వేరు. అది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి" అంటాడు. భార్య బతికున్నప్పుడు పక్క సీట్లో కూర్చుని, కొట్లాట అయిపోగానే మోచేత్తో పొడిచి "ఇక తెరవండి, అందరూ చచ్చారు" అనేది. ఆవిడ పోయాక పొడిచేవాళ్ళు లేక, మొదటి ఫైటుకు మూసిన కళ్ళు ఆఖరి పాట దాకా తెరిచేవాడు కాదు.

అయినా మర్నాడు కొట్టు దగ్గర రివ్యూ చెప్పకుండా ఉండగలడా? "రైలు పిక్చర్‌కి పోయానయ్యా. హీరో పదిమందిని చితకబాదాడు, పదిమందికీ ఒకటే చప్పుడు! ఒక్కడికైనా ఎముక విరగలేదు. ఎముక విరిగితే ఇదిగో, ఇలా ఉంటుంది" అని మొద్దు మీద కత్తి దించేవాడు. కొనడానికొచ్చినవాళ్ళు ఉలిక్కిపడి, ఆ తర్వాత నవ్వేవాళ్ళు. కవలల పిక్చర్‌లో విలన్ చచ్చేముందు మూలిగిన తీరును మాత్రం మెచ్చుకున్నాడు. పోలీసు పిక్చర్‌ని తిట్టిపోశాడు. "గొంతు కోశాక అంత పెద్ద డైలాగా? గాలి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా వాడికి?" గొంతు తెగితే ఏమవుతుందో ఆయనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది. ఆ కొట్టుకు సగం మంది మాంసం కోసం వస్తే, సగం మంది ఈ కబుర్ల కోసం వచ్చేవాళ్ళు.

తర్వాత తర్వాత హాలుకు వెళ్ళే పనే లేకపోయింది. పక్క వాటాలోకి సౌండు బాక్సులు అద్దెకిచ్చే ఒకతను పెళ్ళాంతో దిగాడు. వీధిలో అతన్ని బాక్సులబ్బాయి అనేవాళ్ళు. మీటింగులకు ఇచ్చే పెద్ద బాక్సులు రెండు ఎప్పుడూ ఇంట్లోనే ఉండేవి. దీపాలు పెట్టే వేళకు అతను ఇంటికి రాగానే ఏదో ఒక కొట్లాట పిక్చర్ మొదలయ్యేది. గోడలకు చెవులుంటాయంటారు, ఈ గోడకు నోరు కూడా ఉంది. బాబాయి కుర్చీని దానికి ఆనించి, కళ్ళు మూసుకుని, కాళ్ళు చాపుకుని వినేవాడు. మొదట్లో ఒకసారి బాక్సులబ్బాయే వచ్చి చేతులు కట్టుకుని "సౌండు ఎక్కువైతే చెప్పండి బాబాయ్, తగ్గిస్తాను" అన్నాడు. "తగ్గించావో, ఊరుకోను" అన్నాడు ఈయన. పైగా కుర్రాడు ఎంత మర్యాదస్థుడో అని నలుగురికీ చెప్పుకున్నాడు. మర్యాద! అతని మర్యాద మంటగలవ.

ఆ గోడ పిక్చర్లలో బాబాయికి అన్నిటికన్నా నచ్చింది ఒక ఆడగొంతు.

"ఈమధ్య హీరోయిన్లందరికీ ఒక్క అమ్మాయే డబ్బింగ్ చెబుతోంది. ఎవరో కానీ ప్రాణం పెట్టేస్తోందయ్యా. మిగతావాళ్ళు దెబ్బ పడకముందే కెవ్వుమంటారు. ఈ పిల్లకు దెబ్బ పడ్డాక ముందు ఊపిరి ఆగుతుంది. ఆ తర్వాత కుక్కపిల్ల మూలిగినట్టు చిన్న చప్పుడు. 'వద్దు, ఇంకోసారి చెయ్యను' అంటుంది. అదీ ఏడుపంటే! ఆ దెబ్బ కూడా ఢాం అని మోగదు. తడిగుడ్డ బండకేసి బాదినట్టు మెత్తగా పడుతుంది. దెబ్బ చప్పుడు తెలిసినవాడు ఇన్నాళ్ళకు సినిమాల్లోకి వచ్చాడు."

బాక్సులబ్బాయి పెళ్ళాం నోట్లో నాలుక లేని మనిషి. కొట్టుకొస్తే కావలసిన ముక్క వేలితో చూపించి, తీసుకుని వెళ్ళిపోయేది. ఆమె గొంతు ఎలా ఉంటుందో వీధిలో ఎవరికీ తెలియదు. ఒకరోజు మణికట్టుకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఏమైందమ్మా అంటే, తలుపు సందులో పడినట్టు చేత్తో చూపించింది. బాబాయి అయ్యోపాపం అనుకుని, ఆమెను కాస్త నవ్విద్దామని రివ్యూ ఎత్తుకున్నాడు.

"మీ ఆయన పుణ్యమా అని రోజూ నాకు పిక్చరే తల్లీ! నిన్న ఆ హీరోయిన్ ఎంత బాగా చేసిందనుకున్నావ్! బెల్టు ఊడదీసిన చప్పుడు, అది గాల్లో తిరిగిన చప్పుడు, ఆ పిల్ల 'మొహం మీద వద్దు' అనడం... ఒళ్ళు జలదరించిందనుకో."

ఆమె కవరు పట్టుకుని కదలకుండా నిలబడింది. దాదాపు పెదవులతోనే అడిగింది.

"మీకు... అన్నీ వినబడతాయా బాబాయ్?"

"అది గోడనుకున్నావా, కాగితం! గుటక వేసినా వినబడుతుంది."

ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసి వెళ్ళిపోయింది. మూగపిల్లలాంటిది మాట్లాడిందని బాబాయి ఆ పూటంతా సంబరపడ్డాడు.

ఆ రోజు నుంచి గోడ అవతలి గొంతు పెరిగింది. బాబాయి మెప్పులూ పెరిగాయి. వచ్చినవాళ్ళతో చెప్పేవాడు, ఆమె వస్తే ఆమెతోనూ చెప్పేవాడు.

"పిల్ల విజృంభించిందయ్యా! ఇదివరకు లోపల్లోపల కుమిలేది, ఇప్పుడు గొంతు చించుకుంటోంది. కథలో ఎవరో బాబాయి ఉన్నాడు. 'బాబాయ్, బాబాయ్' అని ఒకటే పిలుపు. వాడు రాడు! మొన్నటి పిక్చర్‌లోనూ అంతే, నిన్నటి దాంట్లోనూ అంతే. పిల్లను అక్కడ కుళ్ళబొడుస్తుంటే రాని దద్దమ్మ ఇంకెందుకు, చావడానికా?" అని కసికొద్దీ ఒక డొక్కను ముక్కలుముక్కలుగా నరికాడు. అందరూ నవ్వారు.

సెలవురోజున, సినిమా హాల్లో టికెట్లు చింపే ఆయన మాంసానికి వచ్చాడు.

"నిన్న ఏం విన్నావు బాబాయ్?"

"జైలు పిక్చర్. గొలుసులు, కుక్కలు, ఈలలు. అవన్నీ మామూలే. కానీ విలన్ ఆ పిల్లను గోడకేసి కొట్టాడు చూడూ, మా ఇంట్లో గిన్నెలు కదిలాయి. బాక్సులంటే అవీ!"

"ఏ పిల్లని?"

"హీరోయిన్నయ్యా."

టికెట్లాయన నవ్వాడు. "నీ మొహం. ఆ పిక్చర్ మా హాల్లోనే ఆడింది, ప్రతి ఆటా చూశాను. మొదట్నుంచి చివరిదాకా మగాళ్ళ జైలు. హీరోయిన్ కాదు కదా, ఆడగొంతే లేదు దాంట్లో."

"ఉందయ్యా. నేను విన్నాను. బాబాయ్ అని పిలుస్తుంది..."

అన్నాక, ఆ మాట ఆయన చెవికే తగిలింది. పైకెత్తిన కత్తి అలాగే ఆగిపోయింది. కత్తి అక్కడే పడేసి, కొట్టు ఎలా ఉన్నది అలా వదిలేసి పరుగెత్తాడు. టికెట్లాయన ఏమీ అర్థం కాక వెనకాలే పరుగెత్తాడు.

వీధి మలుపులోనే బాక్సులు వినబడ్డాయి. పట్టపగలు తుపాకులు పేలుతున్నాయి, హీరో ఎవణ్ణో సవాలు చేస్తున్నాడు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. బాబాయి భుజంతో గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. గడియ ఊడి తలుపు గోడకు కొట్టుకుంది.

బాక్సులబ్బాయి కరెంటు వైరు చేతికి చుట్టుకుని నిలబడి ఉన్నాడు. వైరు చివర తడిగా, ఎర్రగా ఉంది. బాబాయిని చూడగానే ఆ చేతులు కట్టుకున్నాడు.

"సౌండు ఎక్కువైందా బాబాయ్? తగ్గించమంటారా?"

బాబాయి అతని జుట్టు పట్టుకుని బాక్సు అంచుకేసి కొట్టాడు. పళ్ళు రాలాయి. మళ్ళీ కొట్టాడు. ముక్కెముక విరిగిన చప్పుడు అన్ని తుపాకుల మోతలోనూ ఆయనకు స్పష్టంగా వినబడింది. టికెట్లాయన నడుం పట్టి వెనక్కి లాగకపోతే చంపేసేవాడే. అబద్ధమెందుకు, చంపినా పాపం లేదని నేనంటాను. టికెట్లాయనే వెళ్ళి ప్లగ్గు పీకాడు. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

ఆమె గోడ వారన పడి ఉంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, చెవి పక్కనుంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. గోడ మీద, కూర్చున్న మనిషికి తల తగిలేంత ఎత్తులో సున్నం పెచ్చులూడి, పాత మరకల మీద కొత్త మరక ఉంది. బాబాయి మోకాళ్ళ మీద కూలబడి ఆమెను లేపబోయాడు. అబ్బా అంది. అది ఆయన రోజూ మెచ్చుకున్న గొంతే. ఏడుపు తన్నుకొచ్చింది, సిగ్గు ముంచుకొచ్చింది. ఏం చెయ్యాలో తెలియక ఆమె మీదే కేకలేశాడు.

"ఒక్క మాట నాకు చెప్పకూడదా తల్లీ? రోజూ కొట్టుకు వస్తూనే ఉన్నావు కదా!"

ఆమె తెరుచుకున్న ఒక్క కంటితో, ఆయన అడిగింది అర్థం కానట్టు చూసింది.

"మీకు అన్నీ వినబడతాయన్నారు కదా బాబాయ్. అప్పట్నుంచీ ఈ గోడ దగ్గరికే వచ్చి అరుస్తున్నాను. పొద్దున్నే మీరేమో బాగుందనేవారు."