నిద్రలో కొలిచిన పాదం

మా షాపులో స్కేట్లు కొనడానికి వచ్చిన ఏ పిల్లనైనా నేను ముందు నిలబడమంటాను. స్టూలు వేసి కూర్చోబెట్టి, కూర్చోగానే మళ్ళీ లెమ్మంటాను. తల్లులు నవ్వుతారు. "స్కూల్ల టీచర్ లెక్క లేపుతున్నవేందన్నా" అంటారు. "ఏడో తరగతిల నన్ను బెంచీ ఎక్కించి దించుడు మరిచిపోయిన్రక్కా, ఆ కసి గిట్ల తీర్చుకుంటున్న" అంటాను. ఇంకాస్త నవ్వుతారు. ఆ నవ్వుల మధ్యే నేను పిల్ల మడమ పట్టుకుని, బొటనవేలు బూటులో ఎక్కడిదాకా వచ్చిందో రెండుసార్లు నొక్కి చూస్తాను. నొప్పి ఉందా అని అడుగుతాను. "ఏం లేదన్నా" అని పిల్ల అన్నదంటే నా వేళ్ళు అక్కడే ఆగిపోతాయి. ఆ మాట నేను ఒకసారి నమ్మినట్టు నటించాను.

ఏడో తరగతి తర్వాత చదువు నన్ను వదిలేసి పోయింది. నేనూ వెంటపడలేదు. కోదాడలో ఒక చెప్పుల దుకాణంలో చేరి ఏళ్ళ తరబడి జనం పాదాల దగ్గర కూర్చున్నాను. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఇంట్లో అందరికీ చెప్పులు కొనేవాళ్ళు, కానీ అందరినీ వెంట తెచ్చేవాళ్ళు కాదు. చీపురుపుల్లను పాదం పక్కన పెట్టి, మడమ నుంచి వేలి కొస దాకా తుంచి జేబులో వేసుకొచ్చేవాళ్ళు. ఒక్కొక్కరి జేబులో ఐదారు పుల్లలు. ఏది ఎవరిదో బస్సులోనే మరిచిపోయేవాళ్ళు. "ఇది మా అత్తది" అని భార్య అంటే, "కాదులేవే, మా అమ్మకి కాలు చిన్నది" అని భర్త. "అవునులే, నోరే పెద్దది" అని మళ్ళీ ఆవిడ. నేను పుల్లను వేళ్ళ మధ్య తిప్పి, ఇది పెద్దావిడది, ఇది మీ చిన్నోడిది అని పంచేవాణ్ణి. చాలాసార్లు నిజమయ్యేది. "పుల్ల చూసి జాతకం కూడా చెప్తావేంట్రా నువ్వు?" అనేవాడు మా యజమాని. చెప్పుకు పుల్ల కొలత సరిపోతుంది. వేలు కాస్త బయటికి వచ్చినా, మడమ వెనక చోటు మిగిలినా చెప్పు ఎవరికీ హాని చెయ్యదు. అంతా చెప్పు మంచితనమే. నేనది నా విద్య అనుకున్నాను.

సూర్యాపేటకు వచ్చి ఈ ఆటసామాన్ల షాపులో కుదురుకునే నాటికి ఇక్కడి పిల్లలు చక్రాల బూట్ల మీద హాకీ మొదలుపెట్టారు. మంచు మీద ఆడే ఆటట అది. మనకు తెలిసిన ఐసు చెరుకురసంలో వేసేదే కాబట్టి, ఒక బడి వెనక సిమెంటు నేల మీద, రబ్బరు బిళ్ళను కర్రలతో తరుముతూ ఆడేవాళ్ళు. వాళ్ళ కోచ్ సార్ మా షాపుకొచ్చి బూటు ఎలా తొడగాలో నాకు నేర్పాడు. హాకీ స్కేటు బూటు మెత్తగా ఉండదు, కొబ్బరి చిప్పలా గట్టిగా ఉంటుంది. నిటారుగా నిలబడితే వేలి కొస ముందు గోడను తాకీ తాకనట్టుండాలి. మోకాళ్ళు వంచితే వేలు వెనక్కి జరగాలి, మడమ మాత్రం కదలకూడదు. వదులైతే చీలమండ మెలిపడుతుంది. బిగుతైతే ఏమవుతుందో సార్ పెద్దగా చెప్పలేదు, ఎందుకంటే మన దగ్గర బిగుతుగా కొనేవాళ్ళే లేరు. అందరూ ఒకటి రెండు నెంబర్లు పెద్దది కొని, ముందు దూది కుక్కి, రెండేళ్ళు నడిపించాలని చూస్తారు. వాళ్ళతో వాదించడమే నా ఉద్యోగం. నాకది ఇష్టమైన ఉద్యోగం.

ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చి షాపు బయటే చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాడు. పాలకీడు దగ్గర ఊళ్ళో ట్రాక్టరు తోలుతాడట. చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన చీపురుపుల్ల తీసి నా ముందు పెట్టాడు.

"తమ్మీ, దీనికి సరిపడే చక్రాల బూట్లు గావాలె. హాకీవి."

"ఈ పుల్ల హాకీ ఆడుతదా అన్నా?"

ఆయనకు జోకు అందడానికి కాస్త సమయం పట్టింది. అందాక బాగా నవ్వాడు. "నా బిడ్డది. ఆరో తరగతి. గీడనే హాస్టల్ల ఉంటది."

"గీడనే ఉంటే తోల్కరా మరి."

"తెలిస్తే ఆశ పడతది తమ్మీ. దొరకకపోతే ఏడుస్తది. చేతికొచ్చినంకనే చెప్దామని. మొన్న ఇంటికొచ్చి పగటిపూట పండుకున్నది. గప్పుడు కొలిసిన. లేవనే లేవలే."

ఆ పిల్ల బడి స్కేట్ల మీద, నలుగురు మార్చి మార్చి తొడుక్కునే జతతో ఆట నేర్చుకుందట. నెలన్నరలో మిర్యాలగూడలో టీము సెలక్షన్లు. సొంత స్కేట్లు లేనివాళ్ళను తీసుకుపోలేనని సార్ చెప్పాడట. అంతవరకు చెప్పి ఆయన పుల్ల వైపు చూశాడు.

నేను పుల్లను వేళ్ళ మధ్య తిప్పాను. కోదాడ గుర్తొచ్చింది. "మూడో నెంబరు" అన్నాను.

"పెరిగే పిల్ల. ఒక నెంబరు పెద్దదియ్యి."

"అన్నా, ఇది వడ్ల బస్తా కాదు, ఇంకో నాలుగు కిలోలు పడతయని పెద్దది దీసుకునుడుకు. ఇది సరిగ్గా పట్టాలె. రేపు నీ బిడ్డ ఇటు దిరిగితే బూటు అటు దిరగొద్దు గదా."

"అంతేనంటవా?"

"పుల్ల మీద ఒట్టు."

మా షాపు ఓనరు సేటు గల్లా దగ్గర నుంచి నవ్వాడు. పిల్ల నాయినా నవ్వాడు. ఎప్పుడూ పెద్దది అడిగి తప్పు చేసే జనంలో ఆయనొక్కడే ఆ రోజు సరైనది అడిగాడు. అందరికీ ఇచ్చే జవాబే ఆయనకూ ఇచ్చాను. పెట్టెను రెండు చేతుల మీద పట్టుకుని, దాన్ని కింద పెట్టడం ఇష్టం లేక, కాలితోనే చెప్పులు వెతుక్కుని వెళ్ళాడు.

పడుకున్న పాదం వేరు, నిలబడ్డ పాదం వేరు. ఒంటి బరువు పడగానే పాదం పరుచుకుంటుంది, సాగుతుంది. కొందరికి కొంచెం. అరికాలు చదునుగా ఉన్నవాళ్ళకు ఒక నెంబరు దాకా. నాకు ఈ సంగతి తెలుసు. సార్ నేర్పిన మొదటి పాఠమే అది. ఆ పుల్ల చేతిలో ఉన్నంతసేపూ నాకు గుర్తుకు రాలేదు.

నాలుగు వారాల తర్వాత ఒక శనివారం ఆ సిమెంటు నేల దగ్గరికి వెళ్ళాను. చక్రాలు బిగించడానికి సార్ నన్ను పిలుస్తుంటాడు. ఆ పిల్లను చూడగానే గుర్తుపట్టాను, బూట్లను బట్టి. సన్నగా, చురుగ్గా ఉంది. అందరికంటే ముందు బిళ్ళను అందుకుంటోంది. కానీ మలుపు దగ్గర కుడికాలు అర క్షణం ఆలస్యంగా వస్తోంది. చక్రాల చప్పుడులో ఆ ఆలస్యం విడిగా వినపడింది. గర్ర్ మని వెళ్ళి, ఒక్క అడుగు దగ్గర తడబడి, మళ్ళీ గర్ర్.

విరామంలో పక్కన కూర్చోబెట్టి బూటు ముందు భాగం పట్టుకున్నాను.

"ఏందే చెల్లె, కాలు ముడుచుకున్నది?"

"ఏం లేదన్నా."

లేసులు విప్పాను. ఆ పిల్ల బూటు ఊడిరాకుండా కాలు గట్టిగా తొక్కి పట్టింది. అప్పుడు రెండో కాలి బూటు విప్పి, నిలబెట్టి, ఆ కాలు నేల మీద ఆనించమన్నాను. అరికాలు చాపలా పరుచుకుంది. ఇంక కొలవాల్సిన అవసరం లేదు.

"ఒక నెంబరు చిన్నగైంది ఇది. మీ నాయినకు ఫోను జేస్త."

"వద్దన్నా." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నేను పండుకున్నప్పుడు ఆయననే కొలిసిండట. అందరికీ చెప్పుకుంటున్నడు. చిన్నగైందంటే కొలత తప్పిందని తిండి తినడు. సెలక్షన్లు రెండు వారాలే గదా. ఆగుత."

"ఆగుడు నీ కాలుకు తెల్వాలె గదనే."

"దానికి నేను జెప్త."

నవ్వొచ్చింది. అదే నా జబ్బు, నవ్వొచ్చిన దగ్గర నేను లొంగిపోతాను. కానీ నవ్వు ఒక్కటే కాదు. నేల మీద నడిచిన స్కేటును షాపు వెనక్కి తీసుకోదు. తీసుకోవాలంటే, పిల్లను చూడకుండానే పుల్ల చూసి అమ్మానని సేటు ముందు ఒప్పుకోవాలి. ఆ పిల్ల వాళ్ళ నాయిన పరువు కాపాడమంటోంది. నేను ఒప్పుకున్నది నా పరువు కోసం. బూటు విప్పించి, లోపలి అట్ట తీసి పల్చటిది వేశాను. మేజోళ్ళు సన్నవి వేసుకోమన్నాను. "వేళ్ళకు సీట్లు సరిపోతలేవు, రెండు వారాలు నిలబడి ప్రయాణం జేయమను" అన్నాను. పకపకా నవ్వింది. నేను చేసింది సహాయం అనుకున్నాను.

మిర్యాలగూడకు నేను కూడా వెళ్ళాను, సామాన్ల సంచి పట్టుకుని, పిల్లల బస్సులోనే. ఆ పిల్ల నా ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది, కుడికాలు మాత్రం సీటు అంచు మీద పెట్టుకుని దించలేదు. నేను చూశాను. చూసి కిటికీ వైపు తిరిగాను.

ఆ రోజు చాలా బాగా ఆడింది. రెండుసార్లు బిళ్ళను గోల్లో వేసింది. జాబితాలో పేరు చదివినప్పుడు చెయ్యెత్తింది కానీ లేవలేదు. నేను దగ్గరికి వెళ్ళి బూటు విప్పాను. మేజోడు వేలికి అతుక్కుని ఉంది. నీళ్ళు పోసి తడిపి మెల్లగా తీశాను. గోరు సగం లేచిపోయి ఉంది, వేలు నల్లబడింది, వాసన. ఆ వాసన ఒక్క రోజుది కాదు. చుట్టూ పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

దవాఖానలో డాక్టరు చీము ఎముక దాకా పోయిందన్నాడు. తర్వాత పెద్ద దవాఖానలో బొటనవేలు పై కణుపు తీసేశారు. స్కేటు మీద తోసేది ఆ వేలే. ఆ సంగతి మొదట అడిగింది కూడా ఆమెనే. "ఇగ తొయ్యలేనా సార్?" అంది కోచ్ తో. ఆయన బయటికి వెళ్ళిపోయాడు.

సెలక్షన్ల రోజు సాయంత్రమే వాళ్ళ నాయిన మొదటి దవాఖానకు వచ్చాడు. పిల్లను చూసి, వరండాలోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పుల్ల తప్పిందా తమ్మీ?"

అవును కాదు అనే రెండు జవాబులే ఉన్న ప్రశ్న అది. నేను మూడోది వెతికాను. "పిల్లలు పెరుగుతరు గదన్నా" అన్నాను.

ఆయన తలూపాడు. పెద్దది ఇమ్మన్నాను కదా అని గుర్తుచెయ్యలేదు.

ఆ తర్వాత ఆ పిల్ల హాస్టలు మానేసింది. నేను షాపులోనే ఉన్నాను. పిల్లలు కొత్త స్కేట్లు తొడుక్కుని షాపు బండల మీద అటూ ఇటూ తిరుగుతుంటే, ఏ కాలూ ఆలస్యం కాకపోయినా నాకు ఆ అర క్షణం వినిపించేది. ఒకసారి ఒక అబ్బాయిని నాలుగుసార్లు విప్పించి నాలుగుసార్లు తొడిగించాను. వాడికి సరిగ్గానే ఉంది. వాళ్ళమ్మ నా వైపు అదోలా చూసి తీసుకుపోయింది. జోకులు మానలేదు. మానితే ఏమైందని అడుగుతారు.

కొన్ని నెలలకు సార్ ఒక మాట చెప్పాడు. వాళ్ళ నాయిన కనిపించిన వాళ్ళందరికీ "నా చేతులారా నేనే చేసిన, నిద్రల కొలిసిన" అని చెప్పుకుంటున్నాడట. ఆ పిల్ల భయపడింది దేనికో అదే జరిగింది. ఆ ఆదివారం నేను పాలకీడు బస్సెక్కాను. ఆ తప్పు ఆయనది కాదు, నాది అని చెప్పి రావాలని.

ఇంటి ముందు ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని మంచం వాల్చాడు. పిల్ల గడప మీద కూర్చుని పుస్తకం చదువుతోంది. నన్ను చూడగానే కుడికాలును పరికిణీ కిందికి లాక్కుంది.

నేను బస్సులో కూడగట్టుకున్నదంతా చెప్పాను. పడుకున్న పాదం పొట్టిగా ఉంటుందని, అది తెలియాల్సింది నాకేనని, ఆయనకు కాదని, పెద్దది అడిగితే నవ్వింది నేనని. అంతా విన్నాడు.

"గది నాకు డాక్టర్ సారే జెప్పిండు" అన్నాడు. "పుల్లది పోనీ తమ్మీ. సెలక్షన్లకు రెండు వారాల ముందు నువ్వు బూటు ఇప్పి సూసినవంట గదా. బిడ్డ జెప్పింది మొన్న."

గడప మీద పుస్తకం పేజీ తిప్పిన చప్పుడైంది.

"అది వద్దన్నదన్నా..."

"అది వద్దంటది. దాని వయసెంత?" గొంతు పెంచలేదు. "నేనైతే దాని నిద్రల కొలిసిన. నువ్వు కండ్లు తెరిసి సూసినవ్."

పిల్ల వైపు చూశాను. ఆమె పుస్తకం మీదికి ఇంకా వంగింది. నేనున్నంతసేపూ ఆ కాలు బయటికి తియ్యలేదు. ఇంకోసారి సారీ అనబోతే, ఆయన "నీళ్ళు తాగుతవా" అని లోపలికి వెళ్ళి చెంబు తెచ్చిచ్చాడు. నేను తాగేదాకా నిలబడ్డాడు.

ఆదివారం బస్సులు తక్కువ. బస్సు స్టేజీ దాకా ట్రాక్టరు మీద దింపుతానన్నాడు. పక్కన టైరు రెక్క మీద కూర్చున్నాను. స్టేజీ దగ్గర నేను దిగాక ఆయన వెళ్ళిపోలేదు. బస్సు వచ్చేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు, ఇంజను ఆపకుండా. ఆ చప్పుడులో నేనేమన్నా ఆయనకు వినపడదు.