కొబ్బరి పీచు గీత

మా తెలుగు చర్చి గోడకు కట్టిన కొత్త ఫ్లెక్సీ ఎండకు ఘాటుగా ఇంకు వాసన కొడుతోంది. పాస్టరుగారి ఫోటో చుట్టూ కుంచెతో ఈడ్చినట్టు చీలికల అంచు. దగ్గరికెళ్లి చూశాను. ఎడమ పక్క చీలికలనే తిప్పి కుడి పక్క అతికించారు. నిజమైన కుంచె రెండుసార్లు ఒకేలా నడవదు. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఈ సంగతి నేర్పింది సలోమీ.

సలోమీ మా దీవిలోని అబర్డీన్ బజారులో మెట్ల కింద గదిలో కంప్యూటరు పెట్టుకుని కార్డులు, బ్యానర్లు చేసేది. మా ఆయన పోయాక జ్ఞాపకార్థ కూడిక కార్డు కోసం వెళ్లాను. ఆయనది ఒక్కటే ఫోటో మిగిలింది, ఫీనిక్స్ బే రేవులో ఓడ ముందు పదిమంది మధ్య నిలబడి తీయించుకున్నది. దాన్ని ఆ పిల్ల చేతికివ్వడానికి మనసొప్పలేదు. స్కాను చేస్తున్నంతసేపూ ఒక మూల నా వేళ్లతో పట్టుకునే ఉన్నాను.

"ఆయనొక్కరే కనబడేలా కుంచె గీత ఆకారంలో పెడతాను ఆంటీ," అంది. కంప్యూటరులో ఉన్న కుంచెలు వాడితే అందరి కార్డులూ ఒకేలా ఉంటాయట. కొబ్బరి పీచు చుట్టి, నల్ల ఇంకులో ముంచి, కాగితం మీద ఒక్క ఈడ్పు ఈడ్చింది. పారేసే పీచుతో పనేమిటా అని అనుమానమొచ్చినా, ఖర్చు లేదు గనుక ఊరుకున్నాను. ఆ గీతను కంప్యూటరులోకి ఎక్కించి, ఆకారంగా మార్చి, ఫోటో మీద పరిచి ఏదో నొక్కింది.

తెర మీద ఫోటో మాయమైంది. పీచు పోగంత సందులో చెవి ముక్క ఒకటి మిగిలింది.

"మా ఆయనేడే? కోసేసినావా?"

"అరే, రుకో ఆంటీ! గల్తీ నాదే. గీత ముక్కలు ముక్కలుగా ఉంది, కంప్యూటర్ అన్నిటికన్నా పైనున్న ముక్కొక్కటే పట్టుకుంది. అన్నీ కలిపి ఒకే ఆకారం చెయ్యాలి."

"నాకు కతలు సెప్పకు. ముందు మడిసిని సూపించు."

ఫోటోను వెనక్కి తీసుకొచ్చింది. ముక్కలన్నీ కలిపి మళ్లీ నొక్కింది. చీలికల అంచు మధ్య ఆయన నిలబడ్డాడు.

"మిగతావోళ్లనేటి సేసినావు?"

"ఎక్కడికీ పోలేదు. ఇది కోత కాదు ఆంటీ, ముసుగు." గీతను కదలనివ్వకుండా దాని వెనక ఫోటోను జరిపింది. మనుషులు, జెట్టీ, ఓడ తాడు ఒక్కొక్కటే ఆ సందులోంచి నడిచిపోయాయి. మళ్లీ చూపించమన్నాను. చూపించింది. ఇంకోసారి అన్నాను.

వెనక తన వంతు కోసం నిలబడ్డవాడు విసుక్కున్నాడు. "ఫోటో చేయిస్తున్నారా, సినిమా చూస్తున్నారా?"

"భయ్యా, టికెట్ లేదుగా, మీరూ చూడండి," అంది సలోమీ, జరుపుతూనే.

అప్పటినుంచి ఏ కార్డు అచ్చుకు వెళ్లాలన్నా నన్ను పిలిచేది. "ఒకసారి అనుమానపడి పో ఆంటీ." ఫోటోల్లో తెగిన వేళ్లు, రెండుసార్లు వాడిన చీలికలు పట్టుకునేదాన్ని. దానికి ఆ పిల్ల నవ్వేది.

సలోమీ ఇప్పుడు లేదు. ఈనాటికీ నమ్మమన్నవాళ్లను తెరిచి చూపించమంటాను, చూపించినవాళ్లను మళ్లీ చూపించమంటాను. ఇంట్లోవాళ్లతో సహా అందరూ విసుక్కుంటారు. విసుక్కోని మనిషి ఒకతి ఉండేదని తెలుసు గనుక, అడగడం మానలేదు.