అడిగి ఆగడం నేర్పిన సుశీలమ్మ

ఈ ఉదయం సర్జాపుర రోడ్డులోని నా క్లినిక్కులో ఒకావిడ నోరు తెరవగానే, సున్నంతో కలిసిన కడ్డిపుడి వాసన గుప్పుమంది. ఇక్కడి ఆడవాళ్ళు ఆకువక్కల్లో వేసుకునే పొగాకు అది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు డాక్టర్ సుశీలమ్మ గుర్తుకొస్తారు. తరాల క్రితమే బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆమెది. బొమ్మనహళ్ళిలో రెండు కుర్చీల పళ్ళ ఆసుపత్రి నడిపేవారు. చదువు కాగానే నేను చేరింది ఆమె దగ్గరే.

చేరిన నెలలోనే రత్నమ్మ వచ్చింది. గార్మెంట్స్‌లో కుట్టుపని. పన్ను నొప్పని వస్తే, ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ కనిపించింది. నేను ఫోనులో క్యాన్సర్ నోళ్ళ ఫొటోలు ఒక్కొక్కటే చూపించి, "ఇట్లా అవుతావు. ఈ రోజు నుంచే మానెయ్యాలి" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. మంచిపని చేశానని పొంగిపోయాను. మళ్ళీ వారం రమ్మంటే రాలేదు. నాలుగు నెలలైనా రాలేదు.

పేషెంట్ల కార్డులు సర్దుతూ సుశీలమ్మ రత్నమ్మ గురించి అడిగారు. అంతా చెప్పాను.

"మానేస్తానని చెప్పిందా?"

"తలూపింది మేడమ్."

"బయటపడితే చాలని ఊపుంటాదప్పా."

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని రత్నమ్మ ఇంటికి వెళ్ళారు. నన్ను చూడగానే రత్నమ్మ ముఖం ముడుచుకుంది. సుశీలమ్మ గడప మీదే కూర్చుని పని గురించి, మిషన్ల గురించి అడుగుతూ పోయారు. చివరికి రత్నమ్మే కడ్డిపుడి సంగతి ఎత్తుకుంది. "నీళ్ళు తాగేదానికి కూడా మిషన్ కాడ నుంచి లేవనీరమ్మా. ఇది దవడన పెట్టుకుంటే ఆకలి తెలీదు."

"మానాలని ఎప్పుడన్నా అనిపించిందా?"

నేను నోరు తెరవబోతే సుశీలమ్మ నా చేతి మీద చెయ్యి వేసి ఆపారు. చాలాసేపటికి రత్నమ్మ అంది: "మనవరాలు దగ్గరికి రాదు. వాసన అంటాది."

"దినానికి వేసుకునేవాట్లో ఏది లేకున్నా ఓర్చుకుంటావు?"

"సాయంత్రం బస్సులోది."

"అయితే అదొక్కటి విడిచి చూడు."

దారిలో నాకు ఉక్రోషం ఆగలేదు. "ఒక్కటి మానితే ఏమొస్తుంది మేడమ్?"

"ఆమె నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే ఉండాది. నువ్వు చెప్పినవన్నీ నిజాలే, కానీ అవి నీవి."

పది రోజులకు రత్నమ్మ తనంతట తానే వచ్చింది, కళ్ళ నీళ్ళతో. "బస్సులోది వారం మానినానమ్మా. నిన్న మళ్ళా వేసుకున్నా."

"వారం మానినావు, దాచకుండా చెప్పేదానికి వచ్చినావు. ఏడుస్తావెందుకు?" అన్నారు సుశీలమ్మ. ఆ పూటే మచ్చలోంచి ముక్క తీసి పరీక్షకు పంపడానికి రత్నమ్మ ఒప్పుకుంది.

ఫలితం చెడ్డదే వచ్చింది. మొదట్లోనే ఉంది కాబట్టి బుగ్గలో కొంత కోసేస్తే సరిపోతుందన్నారు పెద్దాసుపత్రిలో. ఆపరేషన్ జరిగేలోపల ఆమె ఒక్కొక్కటే వదిలేసి, పూర్తిగా మానేసింది. ఆపరేషన్ అయ్యాక సుశీలమ్మతో కలిసి వార్డుకు వెళ్ళాను. కట్టు కింద నుంచి ముద్దముద్దగా అడిగింది: "ఆ పొద్దే మీ మాట వినుంటే ఈ కోత లేకపోవును కదా సార్?"

మచ్చ ఆ నాలుగు నెలల్లోనే ముదిరిందో, ముందే ముదిరి ఉందో నాకూ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. "ఆ రోజు వినంది నేనమ్మా" అన్నాను. ఆమె నా వేళ్ళు పట్టుకుంది. సుశీలమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఆ తర్వాత కూడా మేడమ్ నన్ను ఒక్క మాట అనలేదు.

రత్నమ్మ బతికింది. మూతి ఒక పక్కకు లాగినా, మాట స్పష్టంగానే వస్తుంది. సుశీలమ్మ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నా ఎదుట ఎవరు కూర్చున్నా ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటాను. బయట జనం ఎదురుచూస్తుంటారు, జవాబు నా నాలుక చివరే ఉంటుంది. అయినా ఊరుకుంటాను. ఎదుటి మనిషి గొంతు సవరించుకునేదాకా ఆగడం నాకు ఈనాటికీ కష్టంగానే ఉంది.